ఆమె పేరుతో రాసింది ఆమె కాదు

ఆ రోజు మా సార్ నన్ను ఒకటే అడిగారు, ఆమె లాగిన్‌లోకి ఇంకెవరైనా దూరి రాసే వీలుందా అని. "పాస్‌వర్డ్ ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు సార్" అన్నాను. ఆ మాటలో అబద్ధం లేదు. అయితే పాస్‌వర్డ్ లేకుండానే దూరవచ్చని నాకు తెలుసు. ఆ దారి నా చేత్తో తెరిచినదేనని కూడా తెలుసు. అది చెప్పలేదు. తర్వాత చాలా ఏళ్లు చెప్పలేదు. ఇప్పుడు రాయడానికి ఓపిక పెద్దగా లేదు గానీ, ఆమె గురించి తప్పుగా విన్నవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి రాస్తున్నాను.

అవి సాఫ్ట్‌వేర్ పిచ్చి ముదిరిన రోజులు. అమీర్‌పేటలో కోర్సుల బోర్డులు కింద గోడ కనబడనిచ్చేవి కావు. పెళ్లిళ్లలో ఎవరు కలిసినా ఊరూ పేరూ అడిగే బదులు "ఏ టెక్నాలజీ?" అనేవారు. రాణిగంజ్‌లో పంపుసెట్లు, పైపులు అమ్మే మా సార్‌కు కూడా ఆ గాలి సోకింది. తాతల నాటి నుంచి వాళ్లది ఆ వీధిలోనే వ్యాపారం. కింద దుకాణం అలాగే ఉంచి, పై గదిలో కంప్యూటర్లు పెట్టించి, తెలుగు ఆడవాళ్ల కోసం ఒక వెబ్‌సైటు మొదలుపెట్టారు. వంటలు, ఇంటి చిట్కాలు, పిల్లల జ్వరాలు, అత్తగారి మీద చాడీలు, ఎవరికి తోచింది వాళ్లు తెలుగులో రాసుకోవచ్చు. ఎప్పటికైనా పెద్ద కంపెనీ ఒకటి వచ్చి కొంటుందని ఆయన ఆశ.

దానికి ప్రోగ్రామర్‌ని నేను. అల్వాల్ నుంచి స్కూటర్ మీద వచ్చేవాణ్ణి. పేజీల బొమ్మలూ రంగులూ చూసే డిజైనర్ ఒకతను ఉండేవాడు. ఈ ఊరివాడే, నాకంటే చిన్న, నన్ను అన్నా అనేవాడు, మనిషి కనబడితే ఆటపట్టించకుండా ఉండలేడు. మూడో మనిషి ఆమె. శ్రీకాకుళం వైపు నుంచి భర్త ఉద్యోగం కోసం వచ్చి చిలకలగూడలో అద్దెకుండేది. సభ్యులు రాసినవన్నీ చదవడం, తిట్లుంటే తీసేయడం, తగాదాలు తీర్చడం ఆమె పని. పేజీ మీద ఆమె పేరు ఎర్ర అక్షరాలతో వచ్చేది. ఆ ఎరుపు కనబడగానే ఎంత కోపంలో ఉన్న సభ్యురాలైనా కాస్త తగ్గేది. ఆమె రాతలో ఏదో నెమ్మది ఉండేది. చిలకలగూడలో ఆమె ఇంటి ఓనరమ్మ కూడా సభ్యురాలే. "మా కిరాయిదార్ల ఎర్రక్షరాలు" అని చుట్టాలకు చూపించుకునేదట.

మధ్యాహ్నం ముగ్గురం కలిసే తినేవాళ్లం. ఒకరోజు ఆమె గిన్నె మూత తీసింది.

"ఏం తెచ్చిన్రు మేడమ్?" అన్నాడు డిజైనర్.

"ఆనపకాయ పులుసండి."

"ఆనపకాయ అంటే ఏందీ? ఆన పడితే కాస్తదా? మేం వానను ఆన అంటం మేడమ్. గది సొరకాయ. సొరకాయ అనుండ్రి, మేం సుత తింటం."

"సొరంటే మా దగ్గర చేపండి బాబూ. సముద్రంలో ఉంటాది, ఇంతింత పళ్లుంటాయి. దాన్ని కాయంటే మా ఊళ్లో నవ్వుతారు."

"చేపకు కాయ కాస్తే మంచిదే గదా. నాన్‌వెజ్ల నాన్‌వెజ్, వెజ్ల వెజ్."

"మీకు పెట్టనింక. పళ్లున్న కూర మీకెందుకు, కరిచేస్తాది."

ఆ తర్వాత ఆమె ఏ కూర తెచ్చినా అతను "పళ్లున్నయా మేడమ్, లేవా?" అని అడిగేవాడు. ఆమె మాత్రం చివరిదాకా ఆ కాయను ఆనపకాయే అంది.

పనిలో చేరిన కొత్తలో ఆమె నా కుర్చీ దగ్గరకు వచ్చి అడిగింది. "సార్, నా పేరు ఎర్రగా పెట్టేరు. అందరూ నమ్ముతారు దాన్ని. నా పేరుతో ఇంకెవరూ రాయలేరు కదండీ?"

"రాయలేరు" అన్నాను. ఆ రోజుకు అది నిజమే.

ఎందుకు నిజమో కాస్త చెప్పాలి. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర స్టాండులో బండి పెడితే ఒక టోకెన్ ఇస్తారు. తిరిగి వచ్చినప్పుడు టోకెన్ చూపిస్తే బండి ఇచ్చేస్తారు. మొహం చూడరు, పేరడగరు. వెబ్‌సైటు కూడా అంతే. పాస్‌వర్డ్ ఒక్కసారే అడుగుతుంది. సరిపోతే మన బ్రౌజర్‌కు ఒక టోకెన్ ఇస్తుంది, కుకీ అంటారు దాన్ని. ఆ తర్వాత లాగౌట్ అయ్యేదాకా ప్రతి క్లిక్కుకూ బ్రౌజర్ ఆ టోకెనే చూపిస్తుంది. దాన్ని ఎవరైనా కాజేస్తే వాళ్లే మనం. పాస్‌వర్డ్‌తో వాళ్లకు పనే లేదు.

కాజేసే పద్ధతి కూడా తేలికే. పేజీలోకి ఎలాగైనా ఒక చిన్న ప్రోగ్రాం ముక్క, అంటే స్క్రిప్టు, ఎక్కించగలిగితే చాలు. ఆ పేజీ తెరిచినవాళ్ల బ్రౌజర్‌లో అది నడిచి, టోకెన్ చదివి, తన యజమానికి పంపేస్తుంది. దీనికి ఒక అడ్డు ఉంది. టోకెన్ ఇచ్చేటప్పుడు పక్కన హెచ్‌టిటిపి ఓన్లీ అని ఒక మాట చేర్చాలి. అప్పుడు ఆ టోకెన్‌ను బ్రౌజర్ తనంతట తాను సైటుకు చూపిస్తుంది గానీ, పేజీలో ఉన్న ఏ స్క్రిప్టుకూ చదవడానికి ఇవ్వదు. అప్పటికే ఎక్కువమంది వాడే బ్రౌజర్ ఆ మాటను పాటించేది. నేను చేర్చాను. అందుకే రాయలేరు అన్నాను.

ఆ తర్వాత ఒత్తుల గొడవ వచ్చింది. అప్పట్లో తెలుగు అక్షరాలకు ఇప్పుడున్నట్టు సొంత చోటు అందరి కంప్యూటర్లలో ఉండేది కాదు. ఇంగ్లీషు గుర్తుల మీదే తెలుగు బొమ్మలు అతికించిన ఫాంట్లు వాడేవాళ్లం. మా ఫాంటులో, ప్రోగ్రాముల్లో మాటలకు అటూ ఇటూ పెట్టే < > అనే కోణం గుర్తులు రెండూ ఒత్తులుగా కనబడేవి. పేజీలోకి స్క్రిప్టులు రాకుండా నేను పెట్టిన జల్లెడ ఆ కోణం గుర్తుల్నే ఏరేసేది. దాంతోపాటు ఒత్తులూ పోయేవి. పచ్చడి కాస్తా పచడి అయింది, అప్పడం అపడం అయింది. సభ్యులు నవ్వుకున్నారు, తర్వాత విసుక్కున్నారు.

సార్ పైకి వచ్చారు. "ఏమయ్యా, ఆడోళ్లు పచ్చడి అని రాస్తే పచడి అని వస్తుందంట. తెలుగు సైటుల తెలుగు రాకపోతే ఏం ఫాయిదా? జెర జల్దీ చెయ్యి."

ఆ గుర్తుల్ని ఏరేయకుండా, ప్రాణం తీసేసి ఉత్త బొమ్మలుగా నిలబెట్టే పద్ధతి ఉంది. నాకు అది సగమే తెలుసు. నేర్చుకునే ఓపిక లేదు. జల్లెడ తీసేసి, "స్క్రిప్ట్" అనే మాట ఉన్న రాతల్ని మాత్రం ఆపమని పెట్టాను. ఆ మాట వాడకుండా స్క్రిప్టు నడిపే దారులు చాలా ఉన్నాయని వినే ఉన్నాను. మన వంటల సైటుకు ఎవడొస్తాడులే అనుకున్నాను.

అంతటితో ఆగినా సరిపోయేది, హెచ్‌టిటిపి ఓన్లీ ఇంకా కాపలా ఉంది కాబట్టి. కానీ సభ్యులు సగం రాసి పొయ్యి దగ్గరకు వెళ్లొస్తే రాసింది పోతోందని, దాన్ని దాచిపెట్టే ఏర్పాటు ఒకటి చేశాం. ఆ పని చేసే మా స్క్రిప్టే టోకెన్‌ను చదవాలి. హెచ్‌టిటిపి ఓన్లీ దాన్నీ చదవనివ్వలేదు. స్క్రిప్టును వేరేగా రాసుకోవాల్సింది. నేను ఆ మాటే కొట్టేశాను, ఈ పూటకు నడిపిద్దామని. ఆ పూట అలాగే సాగిపోయింది. ఆమెకు చెప్పాలని తోచలేదు. ఇలాంటివి ఎవరూ ఎవరికీ చెప్పేవారు కాదు, పని నడిస్తే చాలు.

ఒకరోజు పొద్దున నేను వెళ్లేసరికి పైన గదిలో సార్ ఉన్నారు. మామూలుగా ఆ వేళకు దుకాణం వదిలి పైకి రారు. తెర మీద ఆమె పేరు, ఎర్రగా. కింద పెద్ద రాత. ఈ ఊరి ఆడవాళ్ల మాటను ఎగతాళి చేస్తూ రాశారు. "ఏందీ, గిట్ల అని మాట్లాడేవాళ్లకు సొరకాయ తొక్కుతో పచ్చడి చేయడం కూడా రాదు, ముందు నోరు కడుక్కోవడం నేర్చుకోమనండి" అని మొదలుపెట్టి, ఇక్కడ రాయలేని మాటల దాకా వెళ్లారు. దాని కింద పొద్దుటికే సభ్యుల జవాబులు వరదలా ఉన్నాయి. కోపం తక్కువ, ఏడుపు ఎక్కువ. "మిమ్మల్ని సొంత అక్క అనుకున్న" అని ఒకామె రాసింది.

ఆమె వచ్చింది. చదివింది.

"ఇది నేను రాయలేదండి సార్."

"నీ పేరే ఉన్నదమ్మా" అన్నారు సార్. ఆయన అరవలేదు, అరిస్తే బాగుండేది. "మా అమ్మ సుత గిట్లనే మాట్లాడతది. రోజు నా బిడ్డతోని నీ రాతలు చదివించుకుంటది. ఇయ్యాల ఏం చదివి ఇనిపియ్యాలె?"

"సార్, ఆ రాతలో సొరకాయ అని ఉంది చూడండి. నేనెప్పుడైనా సొరకాయ అన్నానేటండి? అడగండి." డిజైనర్ వైపు తిరిగింది. "మీరు చెప్పండి. అన్నానా?"

రోజూ ఆ కాయ మీద జోకులు వేసేవాడు తల దించుకున్నాడు. ఆ తిట్లు వాళ్లమ్మ మాట్లాడే మాటకూ తగిలాయి మరి.

"గింత పరేషాన్‌ల కూరగాయల ముచ్చటేందమ్మా" అన్నారు సార్. అప్పుడే నావైపు చూశారు. "నువ్వు చెప్పయ్యా. ఆమె లాగిన్‌ల ఇంకోడు రాయొచ్చా?"

నేను చెప్పిన జవాబు మొదటే రాశాను.

ఆ జవాబు చెబుతున్నప్పుడే నాకు లోపల తెలిసిపోయింది. అందరూ కిందికి వెళ్లాక చూశాను. ముందు రోజు ఒక కొత్త సభ్యురాలి పేరుతో ఫిర్యాదు వచ్చింది, "ఈ వంట నాది, ఎవరో కాపీ కొట్టారు, దయచేసి చూడండి" అని. ఫిర్యాదు చూడటం ఆమె పని కాబట్టి ఆమె తెరిచింది. దాని చివర, కంటికి కనబడకుండా, స్క్రిప్టు ముక్క ఉంది. ఆమె టోకెన్ ఎటో పోయింది. ఆ టోకెన్‌తోనే మాకు తెలియని వేరే కంప్యూటర్ నుంచి ఆ రాత వచ్చింది. ఎవరు చేశారో, ఎందుకు చేశారో ఇప్పటికీ తెలియదు. ఊరికే, చేయగలిగాడు కాబట్టి చేసి ఉంటాడు.

నేను ఆ ఫిర్యాదును చెరిపేశాను. హెచ్‌టిటిపి ఓన్లీ తిరిగి చేర్చాను. మెట్లు దిగి సార్‌కు చెప్పాలి అనుకుంటూ కూర్చున్నాను. అప్పటికి మాదాపూర్‌లో ఒక పెద్ద కంపెనీలో నా ఇంటర్వ్యూలు అయిపోయాయి. వాళ్లు సార్‌కు ఫోన్ చేసి నా పనితనం గురించి అడుగుతారు. అంతే. ఇంతకంటే పెద్ద కారణం ఉంటే బాగుండును అని చాలాసార్లు వెతికాను, లేదు.

మర్నాడు సార్ ఆమెను పిలిచి, అదే పేజీ మీద అదే ఎర్రక్షరాలతో క్షమాపణ రాయమన్నారు. రాస్తే ఉద్యోగంలో ఉండవచ్చు, ఇంకేమీ అడగనన్నారు. ఆయన దృష్టిలో అది దయే.

"రాయనిదానికి క్షమాపణ ఎలగ రాస్తానండి? రాస్తే నేను రాసినట్టే కదా."

"ఇగ నీ ఇష్టమమ్మా."

ఆమె తన సామాను సర్దుకుని, వెళ్తూ నా దగ్గర ఆగింది. "సార్, నా పేరుతో ఇంకెవరూ రాయలేరు అన్నారు మీరు. మరిదెలగ వచ్చిందండి?" నిలదీయడం లేదు, నిజంగానే అడుగుతోంది. నాకు తెలిసి ఉంటుందని నమ్మకం.

"చూస్తాను మేడమ్" అన్నాను.

చిలకలగూడలో ఓనరమ్మ ఆమెతో మాట్లాడటం మానేసిందని, నీళ్ల దగ్గర పక్క వాటావాళ్లు మూతి తిప్పుకుంటున్నారని డిజైనర్ ద్వారా తెలిసింది. "ఇల్లు ఖాళీ చేసి కాప్రా దిక్కు పోయిన్రంట అన్నా" అని ఒకరోజు చెప్పాడు. నేను అప్పటికి మాదాపూర్‌లో చేరాను. సైటు ఇంకొన్నాళ్లు నడిచి ఆగిపోయింది. ఏ కంపెనీ కొనలేదు.

ఆ తర్వాతి ఏళ్ల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. అల్వాల్ నుంచి మాదాపూర్, మాదాపూర్ నుంచి అల్వాల్. కళ్లద్దాలు మందమయ్యాయి. వెబ్‌సైట్ల భద్రత మీద పని చేస్తూ చేస్తూ, కొత్తగా చేరినవాళ్లకు అదే పాఠం చెప్పేవాణ్ణి అయ్యాను. టోకెన్ గురించి చెప్పేటప్పుడు స్టాండులో బండి ఉదాహరణే చెబుతాను. ఒక క్లాసులో, వెనకటికి మా చిన్న కంపెనీలో ఇలా జరిగింది అని కథలా చెప్పాను, తప్పు ఎవరిదో చెప్పకుండా. ముందు వరసలో కూర్చున్న అమ్మాయి చెయ్యెత్తింది.

"సార్, ఎవరి పేరుతో రాశారో ఆవిడ ఏమైంది?"

"ఏం కాలేదు" అన్నాను.

అమ్మాయి తలూపి రాసుకుంది. ఏం రాసుకుందో మరి. నేను మిగిలిన పాఠం ఎలాగో ముగించి, కారు తీయకుండా పార్కింగులో చాలాసేపు కూర్చున్నాను. మళ్లీ అదే పని చేశాను, ఈసారి నిజం కూడా కాని మాటతో.

డిజైనర్‌కు ఫోన్ చేశాను. ఆమె నంబర్ అతని దగ్గర ఉంది.

"గిన్నేండ్లకు ఏం పని పడిందన్నా ఆమెతోని?"

చెప్పాను. "నేను సుత గమ్మునున్న గదన్నా ఆ రోజు" అన్నాడు చివరికి. "సొరకాయ అనదని నాకు తెల్వదా?"

కాప్రాలో ఆమె ఇల్లు చెరువుకు దగ్గరే. నన్ను గుర్తుపట్టి లోపలికి రమ్మంది, మంచినీళ్లిచ్చింది. జుట్టు నెరిసింది. ఒక బళ్లో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతోందట. నేను జరిగినదంతా చెప్పాను, జల్లెడ తీసేయడం, ఆ మాట కొట్టేయడం, ఫిర్యాదు చెరిపేయడం, మాదాపూర్ ఉద్యోగం. మధ్యలో ఆమె ఒక్కసారే ఆపింది.

"అంటే, మీకా రోజే తెలుసా?"

"తెలుసు."

ఆమె నా ముందున్న ఖాళీ గ్లాసు తీసి పక్కన పెట్టింది.

"నేను రాయలేదని నాకు తెలుసు కదండీ. నాకొచ్చి చెప్తే ఏటి లాభం?" అంది. "మా ఓనరమ్మ పోయింది రెండేళ్ల కిందట. నన్ను తిట్టుకుంటూనే పోయుంటాది. ఆవిడకి ఎలగ చెప్తారు? ఉన్నవాళ్లకైనా చెప్పండి. మీ సారుకి చెప్పండి. నేనూ వస్తాను. నేనుండగా చెప్పాలి."

నేను క్షమించమని అడగబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "ఇక్కడొద్దండి."

ఆదివారం దుకాణానికి సెలవు. సార్ మా కోసం షట్టర్ సగం ఎత్తించి, కర్ర పట్టుకుని మెట్లెక్కారు. పై గదిలో ఇప్పుడు పైపులు, పెట్టెలు. డిజైనర్ కుర్చీలు తెచ్చి వేశాడు. ఆమె కిటికీ వైపు కూర్చుంది.

సార్‌కు టోకెన్లూ స్క్రిప్టులూ ఎంత అర్థమయ్యాయో తెలియదు. మధ్యలో ఆపి, "మొత్తం మీద ఆమె రాయలే. నీకు తెలుసు. అంతేనా?" అన్నారు.

"అంతే సార్."

"అరే, నేనడిగిన గదయ్యా నిన్ను. ఈడనే, నిలబెట్టి అడిగిన." చేతికర్రతో నేలను తట్టారు. "మా అమ్మ పోయేదాంక ఈమెను యాది చేసుకుని బాధపడ్డది. నేను రాయమంటి క్షమాపణ, ఈమెతోని."

ఆమె నావైపు చూస్తోంది. నేను కుర్చీలోంచి లేచాను. ఇంట్లో అనుకుని వచ్చిన మాటలు చాలా ఉన్నాయి, ఒక్కటీ గుర్తు లేదు.

"మేడమ్, ఆ రాత మీరు రాయలేదు. నేను తీసేసిన అడ్డు వల్ల ఎవరో మీ పేరుతో రాశారు. అది తెలిసీ, అడిగినప్పుడు వేరే మాట చెప్పి తప్పించుకున్నాను. మీ మీద పడ్డ నింద నాది. నన్ను క్షమించండి."